పొడిబొమ్మ సొంతదారు

పద్దెనిమిదో తారీఖు, మంగళవారం, ఉదయం తొమ్మిదింపావు.

చిరంజీవి గువ్వకు అమ్మమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేనూ మీ అమ్మా బాగున్నాం. ఉన్నది ఇద్దరమే కాబట్టి 'అందరం' అని రాయలేదు. అక్కడ నువ్వూ బాగున్నావనే అనుకుంటున్నాను. అనుకోవడం ఎందుకంటే, నీ ఉత్తరంలో నీ ఒంటి గురించి ఒక్క ముక్క లేదు. తారీఖు కూడా లేదు. కవరు మీద పోస్టు ముద్ర చూసి పన్నెండు అని నేనే వేసుకున్నాను. ఇరవై మూడేళ్ళు వచ్చాయి, పాత వస్తువుల వయసు కట్టే ఆఫీసులో పని చేస్తున్నావు, సొంత ఉత్తరానికి తారీఖు వేయడం ఎప్పుడు నేర్చుకుంటావు?

నా మోకాళ్ళ సంగతి అడిగావు. ఎడమది నయం, కుడిది అలాగే ఉంది. వంటింటి కిటికీ కింద గోడ చెమ్మ ఆరింది. మీ అమ్మ స్టేషనులో ఎనిమిది గంటలు మైకులో బండ్ల వేళలు చెప్పి వచ్చి, ఇంట్లో మిగిలిన ఎనిమిది గంటలు మైకు లేకుండా మాట్లాడుతుంది. కింది వాటాలో దర్జీ మొన్న మెట్ల దగ్గర ఆపి, "అమ్మగారూ, మీ అమ్మాయి పుణ్యమా అని నేను స్టేషనుకు పోకుండానే ఏ బండి ఎంత ఆలస్యమో తెలిసిపోతోంది" అన్నాడు. పైనుంచి మీ అమ్మ, "ఊరికే వింటున్నావుగా, నా రవికె ఊరికే కుట్టు మరి" అని అరిచింది. అతను కత్తెర పట్టుకుని లోపలికి పారిపోయాడు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్తరం గురువారానికల్లా నీ చేతికి అందాలని ఎక్కువ స్టాంపులు అంటించి పంపుతున్నాను. శుక్రవారం మీ ఆఫీసు పెద్దాయన మన పొడిబొమ్మ చట్రం విప్పి చూస్తారని, ఆ తర్వాత అమ్మకాల పుస్తకంలో అచ్చు వేయిస్తారని రాశావు. ఆ బొమ్మను అమ్మకూడదు. చట్రం విప్పకముందే నువ్వు ఆయన దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాలి. ఆయన విప్పి చూశాక చెబితే నీ ఉద్యోగం పోతుంది, దానితో పాటు నీ మీద నమ్మకమూ పోతుంది. ఎందుకో ఈ ఉత్తరంలోనే రాస్తాను. నాకు కాస్త వ్యవధి ఇవ్వు. నలభై ఒక్క ఏళ్ళుగా రాయని సంగతి ఒక్క పేజీలో రాయడం నా వల్ల కావడం లేదు.

నువ్వు నాలుగు ప్రశ్నలు అడిగావు. వరుసగా జవాబు చెప్పడం నా పద్ధతి. ఈసారి మూడోదాన్ని చివరికి పెడుతున్నాను.

మొదటిది, బొమ్మను ఎవరైనా ఎప్పుడైనా విప్పి తుడిచారా అని. లేదు. గాజు వేసిన రోజు నుంచి ఆ చట్రాన్ని ఎవరూ విప్పలేదు. శనివారం శనివారం పైగాజును పొడి గుడ్డతో నేనే తుడిచేదాన్ని. నీళ్ళు తగలనివ్వలేదు. ఎండ పడకుండా దాని మీద ముతక తెర వేసింది కూడా నేనే. నీ చిన్నప్పుడు ఆ తెర వెనక దాక్కోబోయి నా చేతి దెబ్బ తిన్నావు, గుర్తుందో లేదో. గట్టి దెబ్బే కొట్టాను. ఆ బొమ్మకు గోడ అదిరితే చాలు, అపాయం.

రెండోది, చట్రం కట్టింది తాతయ్యేనా అని. పెద్దాయన ఆ పనిని మెచ్చుకున్నారని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. కట్టింది తాతయ్యే. పాస్టెల్ అనే పేరుకు ఆయన నోరు తిరిగేది కాదు, పొడిబొమ్మ అనేవాడు. రంగు సుద్దతో కాగితం మీద గీసిన ముఖం అది. జిగురు పట్టి ఉండదు, ఊరికే ఆని ఉంటుంది. రెండున్నర వందల ఏళ్ళుగా అలా ఆని ఉందని ఇప్పుడు మీ ఆఫీసువాళ్ళు చెబుతున్నారు. అందుకే తాతయ్య అలాంటి బొమ్మకు మేకు కొట్టేవాడు కాదు, సుత్తి దెబ్బకు పొడి రాలుతుంది. అన్నీ మరలే బిగించేవాడు. గాజు ముఖానికి తగలకుండా నాలుగు పక్కలా సన్న కర్రపట్టీలు పెట్టేవాడు. బల్ల మీద ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టేవాడు. మోసేటప్పుడు అంచుదాకా నీళ్ళున్న గిన్నెను మోసినట్టు మోయాలనేవాడు. నువ్వు రైలులో రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళావని రాశావు. ఆయన ఉంటే సంతోషించేవాడు.

ఆయనకు ఇంకో అలవాటు ఉండేది. ఏ బొమ్మ బాగుచేసినా, వెనక చెక్క లోపలి వైపున పెన్సిలుతో ఎవరు తెచ్చారో, ఏ రోజు తెచ్చారో, ఏం పని చేశాడో రాసి మరలు బిగించేవాడు. "రశీదులు పోతాయే, బొమ్మతో పాటు ఇది ఉంటుంది" అనేవాడు. శుక్రవారం మీ పెద్దాయన ముందుగా చదివేది ఆ మాటలే.

నాలుగో ప్రశ్న. తాతయ్య అంత పనిమంతుడైతే, చివరి ముప్ఫై ఏళ్ళు బడి పిల్లల గ్రూపు ఫొటోలకూ పాలిటెక్నిక్ సర్టిఫికెట్లకూ చట్రాలు కడుతూ ఎందుకు ఉండిపోయాడని అడిగావు. ఈ అమ్మకంలో వచ్చే డబ్బుతో ఆయన దుకాణం తలుపులు మళ్ళీ తెరిచి, ఆయన పేరుతో బోర్డు పెడతానని కూడా రాశావు. నీ మంచి బుద్ధి. నీ వయసులో నాకు ఆ బుద్ధి ఉంటే బాగుండేది.

ఒకప్పుడు చిత్రశాలవాళ్ళు, పాత బంగళాలవాళ్ళు తాతయ్య దగ్గరికే వచ్చేవారు. నెలకు కనీసం మూడు పొడిబొమ్మలు బల్ల మీద ఉండేవి. తర్వాత ఒక ఏడాదిలోనే అన్నీ ఆగిపోయాయి. ఆయన రెండుసార్లు చిత్రశాలకు నడిచి వెళ్ళి అడిగి వచ్చాడు. రెండోసారి వచ్చి చెప్పులు విప్పకుండానే గుమ్మంలో నిలబడి, "వాళ్ళకు వేరే మనిషి దొరికాడటే. నన్ను చూసి మర్యాదగానే మాట్లాడారు. మరీ మర్యాదగా మాట్లాడారు" అన్నాడు.

నేను అన్నం వడ్డిస్తున్నాను. ఆయన కుడిచేయి నా ముందు చాపాడు.

"సరిగ్గా చూసి చెప్పు. వణుకు ఏమైనా కనిపిస్తోందా?"

"లేదు."

"నాకు తెలియకుండా వణుకుతోందేమో. మనిషికి తన చేయి తనకు తెలియదంటారు."

"లేదన్నాను కదండీ. కాలం మారింది. ఇప్పుడు అందరూ ఫొటోలే పెట్టుకుంటున్నారు."

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం దుకాణంలో ఎవరూ లేని వేళ చూసుకుని, ఒక వెడల్పు గిన్నెలో అంచుదాకా నీళ్ళు పోసి, రెండు చేతులా పట్టుకుని బల్ల దగ్గర నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి బల్ల దాకా నడిచేవాడు. దింపాక వంగి నేల చూసుకునేవాడు. నేను లెక్కల బల్ల దగ్గర తలవంచుకుని కూర్చుని ఉండేదాన్ని. నేల మీద ఒక్క చుక్క కూడా ఉండేది కాదు. అయినా ఆయనకు నమ్మకం కుదిరేది కాదు, మర్నాడు మళ్ళీ నడిచేవాడు. దాదాపు నెల రోజులు నడిచాడు. తర్వాత గ్రూపు ఫొటోలు కట్టడం మొదలుపెట్టాడు.

పని ఎందుకు పోయిందో ఆయనకు తెలియదు. నాకు తెలుసు. అది చెప్పాలంటే నీ మూడో ప్రశ్నకు రావాలి.

ఈ బొమ్మ ఎవరి నుంచి మనకు వచ్చింది అని అడిగావు. 'చట్రాలు కట్టే వారి కుటుంబంలో తరతరాలుగా ఉన్నది' అని పుస్తకంలో వేయించమంటావా అని కూడా అడిగావు. వేయించవద్దు. అది అబద్ధం. అది మన బొమ్మ కాదు.

నువ్వు చూడని మేనమామ ఒకడు ఉండేవాడు. మీ అమ్మ కంటే రెండేళ్ళు చిన్న. ఫొటో కూడా లేదు, అందుకే నీకు ఎప్పుడూ చెప్పలేదు. నాలుగో ఏట వాడికి జ్వరం వచ్చి పదమూడు రోజులు తగ్గలేదు. పదమూడో రోజు పొద్దున కాస్త కళ్ళు మూసుకున్నాడు, నిద్ర పట్టిందని సంతోషపడ్డాం. మీ అమ్మకు అప్పుడు ఆరేళ్ళు. మంచం చుట్టూ తిరుగుతూ వాడికి ఏవేవో కథలు చెబుతోంది. చిన్నప్పుడు కూడా దానికి నోరు ఊరుకునేది కాదు. నేను రెక్క పట్టుకుని బయటికి లాగి, "నోరు మూసుకో. మళ్ళీ నేను చెప్పేదాకా నీ నోట్లోంచి మాట వచ్చిందా, చూడు" అన్నాను. ఎంత గట్టిగా అన్నానో నాకు గుర్తుంది. ఆ సాయంత్రం వాడు పోయాడు.

ఆ తర్వాత మీ అమ్మ మాట్లాడలేదు. మొదట దుఃఖం అనుకున్నాం. నెల దాటాక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాం. గొంతు చూశాడు, చెవులు చూశాడు, అన్నీ బాగున్నాయన్నాడు. అన్నం పెడితే తినేది, పలక ఇస్తే రాసేది, పిలిస్తే వచ్చేది. మాట మాత్రం లేదు. ఏడు నెలల పదకొండు రోజులు. నేను అన్న మాట అప్పట్లో నాకు ఒక్కసారి కూడా తట్టలేదు. ఆ రోజు ఇంట్లో అన్న ఎన్నో మాటల్లో అదొకటని కొట్టిపారేశానా అంటే, అది కూడా కాదు, అసలు తట్టలేదు.

ఆ రోజుల్లో చేతి తొడుగులు కుట్టే ఒకావిడ, దిండు గలీబులో చుట్టి ఈ బొమ్మను దుకాణానికి తెచ్చింది. గాజు మూల పగిలింది. ఆవిడ ఒక ముసలి పంతులమ్మకు పద్దెనిమిదేళ్ళు సేవ చేసిందట. ఆ పంతులమ్మ పోతూ పోతూ ఇల్లూ సామానూ చుట్టాలకు పోయినా ఈ ఒక్క బొమ్మ ఈవిడకే చెందాలని రాసిందట. "నాకు దీని విలువ తెలియదు బాబూ. ఇంట్లోకి రాగానే ఎవరో ఒకరు ఉన్నట్టుంటుంది. నాకు అంతే" అంది తాతయ్యతో. అక్కను చూసుకోవడానికి వేరే ఊరు వెళుతున్నానని, తిరిగి వచ్చాక తీసుకుంటానని చెప్పి వెళ్ళింది. కాగితానికి చెమ్మ తగిలిందని, అది మెల్లగా ఆరాలని, తాతయ్య బొమ్మను వెనక గదిలో బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఉంచాడు.

పంతొమ్మిదో రోజు నేను కొలతల పుస్తకం కోసం వెనక గదికి వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగిపోయాను. లోపల మాటలు వినిపిస్తున్నాయి. మీ అమ్మ ముక్కాలిపీట ఎక్కి, బల్ల మీదికి వంగి, పడుకుని ఉన్న ఆ ముఖంతో గుసగుసగా మాట్లాడుతోంది.

"నీకు కూడా జ్వరమా? మందు తాగావా? చేదుగా ఉన్నా తాగాలి. తాగితే లేచి కూర్చుంటావు."

ఆ బొమ్మలో ఆవిడ పెదవులు కాస్త విచ్చుకుని, జవాబు చెప్పబోతున్నట్టు ఉంటాయి. నువ్వూ చూశావు కదా. మీ అమ్మ కాసేపు ఆగింది, జవాబు కోసం. తర్వాత ఇంకా చిన్నగా అంది.

"పరవాలేదు, మాట్లాడు. ఇక్కడ మా అమ్మ లేదు."

గువ్వా, నేను తలుపు తెరవలేదు. కొలతల పుస్తకం తీసుకోలేదు. లెక్కల బల్ల దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాను. నా బిడ్డ గొంతుకు తాళం వేసింది ఎవరో నాకు అప్పుడు తెలిసింది.

ఆ తర్వాత రోజూ ఆ గదిని దానికి వదిలేశాను. మొదట బొమ్మతో, పది రోజులకు తాతయ్యతో, ఇంకో వారానికి వీధిలో పిల్లలతో మాట్లాడింది. నాతో చివర. "అమ్మా, ఆవిడకు లేవడానికి ఎన్ని రోజులు పడుతుంది?" అని అడిగింది. అదే నాతో మొదటి మాట. ఆవిడ ఇక్కడే ఉంటుంది, ఎక్కడికీ పోదు అని చెప్పాను. ఆ మాట చెప్పేటప్పుడు అది అబద్ధమని నాకు తెలుసు.

తొమ్మిది వారాలకు ఆ కుట్టుపని ఆవిడ వచ్చింది. తాతయ్య కర్రల కోసం అడితికి వెళ్ళాడు. మీ అమ్మ వెనక గదిలో ఉంది, దాని గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. ఆవిడ అదే దిండు గలీబు ఉతికి మడత పెట్టి తెచ్చుకుంది.

"బొమ్మ అయిందా అమ్మా?"

నేను లేచి నిలబడి, "చెడిపోయిందండీ" అన్నాను. "గాజు తీస్తుంటే పొడి అంతా రాలిపోయింది. ముఖం మిగల్లేదు. మా ఆయన చేతిలో పొరపాటు జరిగింది. నష్టం ఎంతైనా కట్టిస్తాం."

ఆవిడ నన్ను చూసింది, తర్వాత బల్ల వైపు చూసింది. కోపంగా ఏదైనా అంటుందని ఎదురుచూశాను. అంటే నేను నిజం చెప్పేసేదాన్నేమో.

"ఆ పొడి ఏం చేశారు?" అంది.

"ఊడ్చేశామండీ."

"కాగితంలో పొట్లం కట్టి ఉంచాల్సింది" అంది. డబ్బు వద్దంది. గలీబు మళ్ళీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం తాతయ్య వచ్చాక, సొంతదారు బొమ్మను మనకే అమ్మేసిందని చెప్పాను. దుకాణం లెక్కల పుస్తకంలో అలాగే రాశాను. నేను దాచుకున్న సొమ్ముతో కొన్నానన్నాను. ఆయన మీ అమ్మను భుజాల మీద ఎక్కించుకుని దుకాణం అంతా తిరిగాడు. నన్ను ఇంకేమీ అడగలేదు. అడగడానికి నా పుస్తకంలో అంతకుముందు ఒక్క తప్పు కూడా ఆయన చూడలేదు. ఆ సొమ్మును అనాథ పిల్లల ఇంటికి పంపి రశీదు దాచుకున్నాను. అలా చేస్తే ఏదో సరిపోతుందనుకున్నాను. సరిపోలేదు.

ఆవిడ ఊరంతా చెప్పింది. చెప్పదా మరి? చేతి తొడుగులు కుట్టించుకునే ఇళ్ళన్నీ బొమ్మలున్న ఇళ్ళే. ఆయనకు పొడిబొమ్మ ఇవ్వకండి, చేయి పోయింది అంది. తనకు తెలిసిన నిజమే చెప్పింది. ఆ మాట చిత్రశాల దాకా వెళ్ళిందని చిత్రశాల గుమాస్తా భార్య నాకు చెప్పింది. అప్పటికి తాతయ్య గిన్నె పట్టుకుని నడవడం మొదలుపెట్టి రెండు రోజులైంది. నేను అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పితే బొమ్మ పోతుంది, బొమ్మ పోతే బిడ్డ నోరు మళ్ళీ మూతపడుతుందేమోనని భయపడ్డాను. ఇంకో ఏడాది పోతే చెబుదామనుకున్నాను. మీ అమ్మ బడిలో పద్యాలు అప్పజెప్పి బహుమతి తెచ్చుకున్న రోజున ఇక భయం లేదని తెలిసింది. అప్పటికి చెప్పడం ఇంకా కష్టమైంది. ఆ కష్టం బిడ్డ కోసం కాదు, నా కోసమే. ఇది స్పష్టంగా రాయాలని ఇక్కడ రాస్తున్నాను.

తాతయ్య చివరి వారంలో మంచం మీద నుంచి ఆ బొమ్మను చూస్తూ, "ఆ కుట్టుపని ఆవిడ ఒక్కసారి వచ్చి చూసి ఉంటే బాగుండేది. ఎంత పదిలంగా ఉందో చూసి సంతోషించేది" అన్నాడు. నేను ఆయన దుప్పటి సర్దాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.

పోయిన నెల నువ్వు వచ్చి, ఒకసారి పెద్దాయనకు చూపించి తెస్తానన్నప్పుడు సరే అన్నాను. ఎందుకన్నానో ఆలోచించాను. ఎవరో ఒకరు ఆ వెనక చెక్క విప్పాలని నాలో ఎక్కడో ఉన్నట్టుంది. అయితే నిన్ను అందులోకి నెట్టే హక్కు నాకు లేదు. అమ్మకం ఖాయమైందని నువ్వు రాసిన ఉత్తరం పదమూడున అందింది. పదిహేనున, శనివారం, నేను రెండు బస్సులు మారి, పాత పుస్తకంలో ఉన్న చిరునామాకు వెళ్ళాను.

కుట్టుపని ఆవిడ పోయి పద్నాలుగేళ్ళు. ఆవిడ కూతురు అదే వీధిలో ఇస్త్రీ దుకాణం పెట్టుకుంది. మీ అమ్మ కంటే నాలుగేళ్ళు పెద్ద అయి ఉంటుంది. నన్ను చూసి, "బట్టలు ఇస్తారా, అడ్రసు అడుగుతారా? అడ్రసైతే ఎదురు కొట్లో అడగండి, ఆయనకు పని తక్కువ" అంది.

"మీ అమ్మ బొమ్మ సంగతి మాట్లాడాలి" అన్నాను.

ఆమె ఇస్త్రీపెట్టె దింపలేదు. నేను నిలబడే అంతా చెప్పాను. నీకు ఇప్పుడు రాసినట్టే, ఒక్క ముక్క తగ్గించకుండా. ఆమె ఒకే చొక్కా చేతిని తిప్పి తిప్పి రుద్దుతూ వింది.

"ఆయన దగ్గరికి పోవద్దని మా అమ్మ అందరికీ చెప్పింది" అంది.

"తెలుసు."

"ఎందుకలా చెప్పిందో ఆయనకు తెలుసా?"

"తెలియదు. తెలియకుండానే పోయాడు."

"మా అమ్మకైతే తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉన్నాడు. పాపం, ఆయనకు అది కూడా లేదు" అంది. చొక్కా రెండో చేయి తిప్పి, "ఆవిడ ఎటు చూస్తుంటుంది? బొమ్మలో ఆవిడ. నాకు పదేళ్ళప్పుడు పోయింది. కుడివైపా, ఎడమవైపా అని నేనూ మా అమ్మా చాలాసార్లు పోట్లాడుకున్నాం" అంది.

"మనకు ఎడమవైపు. ఎడమచెవి కనిపిస్తుంది, చెవికి ఏమీ లేదు. బూడిదరంగు గౌను, మెడ దగ్గర తెల్ల అంచు."

"అయితే మా అమ్మే గెలిచింది" అంది. అప్పుడు ఇస్త్రీపెట్టె దింపి కళ్ళు తుడుచుకుంది. "తెచ్చి ఇవ్వండి. క్షమించమని మాత్రం అడగొద్దు. నాకు సాయంత్రానికి నలభై చొక్కాలున్నాయి."

నేను అడగలేదు. బొమ్మ ఇప్పుడు ఎంత ధర పలుకుతుందో నువ్వు రాసిన అంకెను ఆమెకు చెప్పి వచ్చాను. ఉంచుకుంటుందో అమ్ముకుంటుందో ఆమె ఇష్టం. అమ్మదలిస్తే మీ ఆఫీసులో ఎవరిని కలవాలో నువ్వు ఆమెకు మర్యాదగా చెప్పాలి, అంతకు మించి ఏ సలహా ఇవ్వకూడదు.

ఇక్కడ ఒకటి దిద్దాలి. మీ అమ్మ రోజంతా మాట్లాడుతుందని పైన రాశాను. అది ఆదివారం మధ్యాహ్నం వరకే నిజం. ఆదివారం భోజనాలయ్యాక దాన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. వాళ్ళ నాన్న గిన్నె పట్టుకుని నడవడం దానికి గుర్తుందట. అదేదో ఆట అనుకుని తను కూడా చిన్న గిన్నెతో వెనకాలే నడిచిందట. ఆ మాట చెప్పి లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. నిన్నా ఇవాళా స్టేషనుకు వెళ్ళింది, వేళకు అన్నం తింటోంది, నా మందులు తీసి నా పళ్ళెం పక్కన పెడుతోంది. కింది దర్జీ, "అమ్మగారూ, బండ్లన్నీ రద్దయ్యాయా?" అని అడిగాడు. నేను మెట్లెక్కి వచ్చేశాను. ఈసారి ఎన్ని రోజులో నాకు తెలియదు. లెక్క పెట్టడం లేదు. నువ్వు దానికి ఫోను చెయ్యి. నా గురించి చెప్పవద్దు, ఊరికే మాట్లాడు. నీతో మాట్లాడుతుంది.

దుకాణం తెరవాలన్న నీ ఆశకు నేను అడ్డుపడ్డాను. నువ్వు ఎంత లెక్క వేసుకున్నావో నీ ఉత్తరం చివరి పేజీలో కనిపిస్తూనే ఉంది. బోర్డు కొలతలు కూడా రాశావు. నా పేరున ఉన్న ఈ వాటా నా తర్వాత నీది. దాని కంటే నేను ఇవ్వగలిగింది ఏమీ లేదు. నన్ను నువ్వు ఏమైనా అనవచ్చు. ఉత్తరంలో అనాలనిపించకపోతే వచ్చి ఎదురుగా అను. రావాలనిపించకపోతే రావద్దు. కుట్టుపని ఆవిడ గలీబు మడిచి తెచ్చుకున్న ఆ రోజు మళ్ళీ వచ్చి, ఆ తలుపు వెనక మీ అమ్మ గొంతు మళ్ళీ వినిపిస్తే నేనేం చేస్తానో ఇప్పటికీ చెప్పలేను. ఆవిడ ముందు నిలబడి నిజం చెబుతానని రాయాలని ఉంది. తెలియనిది రాయలేను.

చేయవలసిన పని చెబుతాను. గురువారమే పెద్దాయన దగ్గరికి వెళ్ళు. ఈ ఉత్తరం ఆయనకు చూపించు, పేజీలు దాచవద్దు. పుస్తకంలోంచి బొమ్మను తీయించు. ఆ తర్వాత ఆయన ఒప్పుకుంటే చట్రం విప్పి చూడమను. ఇంత చేశాక ఒక్కటి నా కోసం అడుగుతున్నాను. ఆయన బొమ్మను పరీక్షించి, అది ఇప్పుడు ఏ స్థితిలో ఉందో, చట్రం పని ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆఫీసు ముద్ర వేయాలి. రెండు ప్రతులు. ఒకటి బొమ్మతో పాటు ఇస్త్రీ దుకాణం ఆమె చేతికి ఇవ్వు. రెండోది నువ్వే చిత్రశాలకు తీసుకువెళ్ళి, తాతయ్యను ఎరిగినవాళ్ళు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ళకు ఇవ్వు, లేకపోతే ఇప్పుడున్న అధికారికి ఇవ్వు. చదివి వినిపించి రా.

అందులో తాతయ్య గురించి మంచిగా రాయమని అడగవద్దు. పెద్దాయన నీ మీద అభిమానంతో ఒక్క మాట ఎక్కువ వేసినా కొట్టించెయ్యి. చూసింది చూసినట్టు రాస్తే చాలు.

ఇట్లు,
నిన్ను పెంచిన చేతితోనే ఇదంతా రాసిన
మీ అమ్మమ్మ